మాపటి వేలు

దేవరకొండ బజార్ల సోమాచారి దుకాణం.
కొడుకు గల్లలకెల్లి కొలతల గుత్తి తీసిండు,
ఇత్తడి రింగులు, తాళం చేతుల లెక్క గలగల.
పదకొండు పట్టలే.
పన్నెండు కణుపుకాడ ఆగింది,
సబ్బు రుద్దితే దిగింది,
దిగి మళ్ల ఊడలే.

"పత్తి ఏరొస్తున్నవా అక్కా?"
"ఏరి అట్లనే వచ్చిన. బస్సుకు ఇంక గంటుంది."
"మాపటికి వేళ్లు ఉబ్బుతయ్. రేపు పొద్దుగాల రా,
అప్పటి కొలతే నిజం."

పొద్దుగాల నా చెయ్యి ఏడుంటది?
రొట్టె పిండిల ఉంటది, పెండల ఉంటది,
ఆటో కమ్మీ పట్టుకోని యాలాడుతుంటది.
ఆరు నెలల చిట్టీ పైసలు కొంగు ముడిల ఉన్నయ్.

ముసలాయన లేచి పద్నాలుగు తొడిగిండు.
కణుపు దాటినంక జర తిరిగింది.
"పొద్దున జారిపోతది బిడ్డా."
"దారం సుట్టుకుంట.
అన్నం తిని అరుగు మీద కూసున్నంక
నేను సూసుకునే చెయ్యి ఇదే తాతా.
ఈ చెయ్యికే చెయ్యి."

ఆయన అద్దాలు తుడుసుకుండు.
నాకు కనపడకుండ పుస్తకంల
పదమూడున్నర రాసుకుండు.