ఇంటిపేరు అడిగితే

మైపాడు రోడ్డులో రొయ్యల ల్యాబు. మేడమీద గది.
రాత్రి పదకొండు దాటింది.
ఏసీ నీళ్లు బకెట్లో ఒక్కో బొట్టూ పడుతున్నాయి.
నేను మిషన్ని అడుగుతున్నాను:
ఈ పేరు గల బ్యాక్టీరియాకి ఉప్పు పడుతుందా?
ఈదుతుందా, పుట్టినచోటే ఉండిపోతుందా?
గాలి కావాలా, గాలి సోకితే చస్తుందా?
గింజలా ముడుచుకుని కరువు దాటగలదా?

పేరుకి పంతొమ్మిది ప్రశ్నలు. మూడువేల పేర్లు.
పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు.

కలరా పురుగు సంగతి అడిగితే
గుక్క తిప్పుకోకుండా చెప్పింది.
చెప్పదా మరి,
నూరేళ్లుగా జనం దాని మీద రాస్తూనే ఉన్నారు.
సెంటర్లో టీకొట్టాయన గురించి
నెల్లూరంతా చెబుతుంది.

తర్వాత ఎవరికీ పట్టని పేరొకటి ఇచ్చాను.
ఎక్కడో మట్టిలో ఒక్కసారి దొరికి
ఒక్క పేజీ రాయించుకుని
సీసాలో గడ్డకట్టి కూర్చున్న జాతి.
పేరు మొదట్లో 'హేలో' అని ఉంది.
ఉప్పంటే ఇష్టం, అంది మిషను.
తడుముకోలేదు. నీళ్లు నమల్లేదు.

ఆ ఒక్క పేజీ వెతికి తీశాను.
వాన ముందు చంద్రుడికి గుడి కట్టినట్టు
పళ్లెంలో తన చుట్టూ గుడి కడుతుందని
దానికా పేరు పెట్టారంట.
చిటికెడు ఉప్పు ఎక్కువైతే చాలు, పెరగదు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు.
నవ్వొచ్చింది. సగంలో ఆగింది.

ఫత్తేఖాన్‌పేటలో గది అడగబోయినప్పుడు
"ఇంటిపేరేందమ్మే?" అందొకావిడ.
మానికల, అన్నాను.
అంతే.
ఏం తింటానో, ఎన్నిసార్లు నీళ్లు పోసుకుంటానో,
అద్దె ఏ తారీఖుకి ఎగ్గొడతానో
పంతొమ్మిదీ నింపేసింది, గడప అవతలే నిలబడి.
గది నిన్ననే ఎవరికో ఇచ్చేశారంట.
బోర్డు మాత్రం వారం దాకా వేలాడింది.

ఇస్కపల్లిలో మా చెంచమ్మత్త ఉప్పు కయ్యలో దిగి
నీళ్ల రంగు చూస్తుంది.
గులాబీ తిరిగి, ముక్కుకి కమురు వాసన తగిలితే
"ఇంక రొండ్రోజుల్లో గల్లు పడుద్ది మే" అంటుంది.
ఆ రంగు ఎవరిదో, దానికి ఏ భాషలో ఏం పేరో తెలీదు.
అడగలేదు కూడా.
మడమల పగుళ్లలో అది మండితే
బతికే ఉందని లెక్క.

మళ్లీ మిషన్ దగ్గరికొచ్చి
ప్రశ్న కింద ఒక ముక్క కలిపాను:
తెలీకపోతే తెలీదని చెప్పు.

వరస మారింది.
తెలీదు. తెలీదు. ఈదుతుంది. తెలీదు.
మూడువేలల్లో పదమూడొందల పైచిలుకు తెలీదులు.
మా సార్‌కి నచ్చదు, పట్టికలో ఖాళీలెక్కువంటాడు.
నాకు మాత్రం మొదటిసారి
దాని పక్కన కూర్చుని టీ తాగాలనిపించింది.

ఫ్రిజ్ పక్కన అత్త కయ్య నుంచి తెచ్చిన నీళ్లు చల్లిన పళ్లెం.
మూలన ఆవగింజంత గులాబీ చుక్క, పొద్దున లేదు.
మార్కరుతో రాశాను: పడమటి గట్టు, ఏడో కయ్య.
పేరు రాసేచోట గీత గీసి వదిలేశాను.

రేపు కొంచెం ఉప్పు పెంచి పెడతా.
ఎల్లుండి ఇంకొంచెం.
తినేదేందో, తిననిదేందో
అదే చెబుద్ది.