పటంలో ఏడు చుక్కలు

సీసాకి కట్టిన చీటీ మీద సిరా
గోధుమరంగుకి తిరిగింది.
"నెల్లూరు కొండలు. రాతి మీద. ఎత్తు తెలియదు."
అంతే రాశాడు ఎవడో,
దాన్ని సారాయిలో ముంచిన రోజు.
ఆ "ఎత్తు తెలియదు" కోసం
మూడు వానాకాలాలు ఉదయగిరి దుర్గం ఎక్కాను.

కార్తీకం. తుపాను వెలిసిన రెండో రాత్రి.
కోటగోడ కింద బండ చెమరుస్తోంది.
నీళ్లు కావు, నీటి పొర,
గోరు మందం కూడా లేదు.
ఆ పొరనే కరుచుకుని, కడుపు రాతికి అంటించి,
తోక ఊడని కప్పపిల్లలు.
చెరువంటే ఏమిటో ఎరగవు.

మూతి నుంచి పిరుదు దాకా ముప్పయ్యొక్క మిల్లీమీటర్లు.
వేళ్ల చివర బిళ్లలు. వేళ్ల నడుమ తోలు సగం వరకే.
గండిపాలెం పైన, సీతారామపురం కొండల్లో,
భైరవకోన జలపాతం పక్కన,
ఏడు చోట్ల దొరికింది. ఏడు చుక్కలు పెట్టాను.
ఒకే జాతి అని రాసి
కింద గీత కూడా గీశాను.

మేకల మస్తానమ్మకి ఆ గీతతో పనిలేదు.
బండ మీద గొంతుక్కూర్చుని చెవి ఒగ్గింది.
"అబ్బయా, అదీ ఇదీ ఒకటి గాదు.
ఇది చిటుక్కు చిటుక్కుమంటాది, పుల్ల ఇరిచినట్టు.
కోన కాడుండేది గొణుగుతాది, మా మామ మాదిరి.
మేకకీ గొర్రెకీ తేడా తెలీకుండానే
ఇన్నేళ్లు చదివినావా?"

మూడేళ్ల రికార్డింగులు మళ్లీ విన్నాను,
ఈసారి తెర మీద గీతలు చూడకుండా.
పుల్ల విరిగింది.
మామ గొణిగాడు.
బొటనవేలి మొదట చిన్న బొడిపె, కోనదానికి ఉంది,
దుర్గం దానికి లేదు.
మూడేళ్లుగా నా వేళ్ల మధ్యే ఆ లేకపోవడం.

అన్నదమ్ములు పొయ్యి వేరుపెడితే
చేను కూడా కోసుకోవాలి కదా.
కోన వైపు ఆరు చుక్కలు.
దుర్గానికి ఒకటి.
ఏడిళ్ల కాపరం అనుకున్నది
ఒక కొండ, ఒక వాలు,
వాన వెలిసాక నెల పాటు చెమ్మగిల్లే ఒక రాయి.

మరి సీసాలోది ఏ ఇంటిది? పాత పేరు ఎవరికి?
నూరేళ్లు నానింది నోరు విప్పదు.
దాని బొటనవేళ్లు ఎప్పుడో ఊడి
అడుగున మడ్డిలో కలిశాయి.
పేరు గడి ఖాళీగా వదిలేసి
ఎత్తు అన్నచోట మాత్రం రాశాను:
రెండువేల ఎనిమిదివందల అడుగులు.

తెల్లారి దిగేటప్పుడు మస్తానమ్మ అడిగింది:
"పేరు పెడితే దానికి
ఇంకో వాన ఎక్కువ పడతాదా?"

ముందు మేకలు. వెనక నేను,
అడుగు ఎక్కడ వేస్తున్నానో చూసుకుంటూ.