ఒకే కప్పు

వాల్దీవియాలో ఇవాళా వానే.
చేపల బజారు వెనక గట్టెక్కి సముద్రసింహాలు
బాకీ వసూలుకొచ్చినవాళ్లలా కూర్చున్నాయి.
మెర్లూసా పొట్టలు చీరుతూ నేను
ఎడెల్మిరా గురించి ఆలోచిస్తున్నాను.

ఎడెల్మిరా సీరియల్లో మనిషి. టెలిగ్రాఫు గుమాస్తా.
పన్నెండో భాగంలో జ్వరమొచ్చి పోయింది.
బెలిసారియో రైలింజన్లు బాగుచేస్తాడు,
తొంభయ్యో భాగంలో గాని ఆ ఊళ్లో దిగడు.
నడుమ డెబ్భై ఏడు భాగాలు: రెండు పెళ్లిళ్లు, ఒక వరద,
మేయరుకి ఎక్కణ్ణించో ఊడిపడ్డ కవల తమ్ముడు.
ఆ రాసిన పెద్దమనిషికి
వీళ్లిద్దర్నీ ఒక్క వాక్యంలో పెట్టాలని తోచనే లేదు.

నాకు తోచింది, కప్పు వల్ల.
తొమ్మిదో భాగంలో ఆమె టీ తాగిన నీలం కప్పు,
పిడి పక్కన చిక్కుడు గింజంత పెచ్చు లేచినది,
తొంభై మూడులో అతని చేతిలో ఉంది.
"స్టూడియోలో ఇంకో కప్పు కొనే గతి లేదు, అంతే"
అంది మా అక్క ఒర్ఫెలినా, ఉల్లిపాయలు తరుగుతూ.

అంతే కావచ్చు.
మా అమ్మా నాన్నా పనిచేసిన చెప్పుల ఫ్యాక్టరీలోనూ
ఇద్దరికి ఒకటే రెయిన్‌కోటు.
పగలు ఆమెది, రాత్రి అతనిది.
జేబు నిండా వేరుశనగ తొక్కలు వదిలేసే ఆ రాత్రి మనిషెవరో
ఏడు నెలలు అమ్మకి తెలీదు.
తిడుతూ చీటీ రాసి అదే జేబులో పెట్టింది.
ఆ తిట్టుకే మేమిద్దరం పుట్టాం.

నాకు నేను పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని.
టీవీలో పలికిన మాట మార్చను.
పోయినవాళ్లని లేపను.
సీను అయిపోయి తలుపు మూసుకున్నాక
అవతల ఏం జరిగిందో, అది మాత్రం నా సొత్తు.

నాలుగో భాగంలో ఆమె ఒక టెలిగ్రాం కొడుతుంది, ఎవరికో చూపించరు.
ఆ ఎవరికో అన్నచోట బెలిసారియోని కూచోబెట్టాను,
దూరాన ఉత్తరంలో, ఎడారి అంచున, ఒక ఇంజన్ షెడ్డులో.
పిస్టను నంబరు ఒకటి తప్పు పడింది, ఆమె సరిచేసింది,
అతను థాంక్స్ చెప్పాడు, ఒక మాట ఎక్కువ వేసి.
మాటకింత అని డబ్బు కట్టేచోట
ఆ ఎక్కువ మాటని మించిన ముద్దు లేదు,
నా మటుకు నాకు.
ఐదోదాంట్లో, పని సంగతేదీ లేక,
నా కప్పు పెచ్చు లేచింది, అని కొట్టింది ఆమె.
ఏడోది అతను పంపాడు. జవాబు రాలేదు.
అందుకే రైలెక్కాడు.
ఈ ఊరికెందుకొచ్చావని సీరియల్లో ఒక్కరూ అడగలేదు,
నేను అడిగాను.

స్టేషన్లో ముసలి పోర్టరు నీళ్లిస్తే
తాగేముందు అతను కప్పుని ఒకసారి చేతిలో తిప్పుతాడు.
పెదవి కోసుకోకుండా నటుడు పెచ్చు తప్పించుకున్నాడేమో.
ఆ తిప్పడానికి నాకు పదకొండు పేజీలు పట్టింది.

ఐసు మోసే కుర్రాడు యెర్కో చదివాడు,
పేజీల మీది పొలుసులు దులుపుకుంటూ.
"బాగుంది. కానీ సెన్యోరా, కలవలేదుగా?"
"కలిశారు కదరా."
"లేదు. ఒక్కసారి. ఎదురెదురుగా."

వాడికి పదిహేడేళ్లు. కప్పులు సరిపోవు.

రాత్రి కట్టుబాటు తప్పాను.
పదకొండో భాగానికీ పన్నెండుకీ మధ్య ఒక ఆదివారం దొంగిలించి
ఆమె కౌంటరు ముందు అతన్ని నిలబెట్టాను.
తడిసిన టోపీ. ఆమె దగ్గు అణుచుకుంది.
తీరా చూస్తే ఇద్దరికీ నోరు పెగలదు.
అతను అలవాటుకొద్దీ వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు,
ఎన్ని మాటలకి తన దగ్గర చిల్లర ఉందో.
ఆమె అద్దం కిందనుంచి చెయ్యి చాపి
అతని వేళ్లు ముడిచేసింది.

ఉంచాలో చింపాలో తేలని ఆ కాగితం
ప్రస్తుతానికి కాటా కింద ఉంది, ఒక మూల తడుస్తూ.
కిలో ఎంతని ఎవరో అడుగుతున్నారు.
రెండోసారి అడిగారు.