ఇరవై నాలుగు నల్ల ఫ్రేములు

దయ్యాన్ని చూపియ్యొద్దన్న.
నరహరి మొఖం మాడ్చుకున్నడు:
మేకప్‌కే ఆరువేలు పెట్టిన, చూపియ్యకపోతే ఎట్లరా?
కాలు చూపిద్దాం అన్న. కాలు సుత పూర్తిగ గాదు,
మడమ.

సిరిసిల్లల, బీవై నగర్ల,
జిరాక్స్ దుకాణం మీది అర్ర.
పెండ్లి వీడియోలు కోసే కంప్యూటర్ మీద
మొదటిసారి దయ్యాన్ని కోస్తున్న.
పెండ్లిల అందరు ఉండాలె,
మేనత్త ఒక్క ఫ్రేము తప్పినా బాకీ పైసలియ్యరు.
ఇక్కడ ఎంత దాస్తే అంత కూలి.

మూతపడ్డ సాంచెల షెడ్డుల మూడు రాత్రులు తీసినం.
కెమెరాను బండల మీద పండవెట్టి
పిల్లి కండ్ల ఎత్తు నుంచి,
వేలెడంత వంకరగ.
ఏం వంకరున్నదో చూసెటోనికి తెల్వదు,
కడుపుల మాత్రం నిండు బిందె ఒరిగినట్టయితది.
పట్టాలు లేవు, ట్రాలీ లేదు.
నూలు మూటలు మోసే బండి మీద నన్ను కూసోబెట్టి
తాడేసి గుంజిండ్రు.
దాని ఒక చక్రం కుయ్యిమంటది.
నూనె పొయ్యనియ్యలె నేను.

ఒక నిమిషం నలభై సెకన్లు.
మొదటి ముప్పై సెకన్లు ఏం కావొద్దు.
బల్బు కింద శ్యామల కండెలు చుడుతుంటది.
ఆమె నిజంగనే కండెలు చుట్టే మనిషి,
నటించుమంటె చేతులు తడవడ్డయి,
చుట్టుమంటె చుట్టింది.
ఆమె ఎనుక తలుపు.
తలుపు దిక్కు ఆమె చూడది, కెమెరా చూడది,
చూసెటోని కన్నే పోవాలె.
ఇంకో సెకను ఆగిన. ఇంకో సెకను.
ఇగ కోస్తడనుకున్నకాడ కోయలె.
ఇగ కోయడు అనుకున్న—

చప్పుడు బొమ్మకంటె ముందు రావాలె.
అడుగుల సప్పుడు అయినంక రెండు సెకన్లకు మెట్లు.
మా అమ్మ బియ్యం చెరిగిన సప్పుడును తిరగేసిన,
ఎవలో చీకట్ల ఊపిరి గుంజినట్టున్నది.
అమ్మకు చెప్పలె.

ఆఖరి ఇరవై సెకన్లు ముక్కలు ముక్కలు:
మడమ, కండె, తెగిన పోగు, తెరిచిన నోరు, బల్బు,
ఆరు ఫ్రేములు, నాలుగు, మూడు, రెండు,
కింద పక్క గల్లీల రికార్డు చేసిన సాంచెల మోత
టకటక టకటక టకటక ఎక్కిచ్చుకుంట పోయి
ఒక్కసారి బంద్.

ఇరవై నాలుగు నల్ల ఫ్రేములు. ఒక్క సెకను.
అటెన్క తెర నిండ శ్యామల.

నరహరి చప్పట్లు కొట్టిండు.
జిరాక్స్ పిలగాడు కుర్చీతోని సహా ఎనుకకు జరిగిండు.
చాయ తాగనీకి దేవదాసు కాక మీదికొచ్చిండు.
ముప్పై ఏండ్లు సాంచెల నడుమ నిలవడ్డ చెవులు,
సగం ఇనవడది.
సౌండు పూరా పెంచి చూపెట్టిన.
మడమకు నవ్విండు.
అమ్మ చాటకు ఏమనలె.
శ్యామలను చూసి, మన ఎంకటి బిడ్డ గాదుర, అన్నడు.
కానీ దానికంటె ముందు,
ఆ నల్ల సెకనుకాడ,
చాయ గిలాస ఒణికి లుంగి మీద ఒలికింది.
బొమ్మ ఇంకా అయిపోలే, లేశిండు,
గోడకు అరచెయ్యి ఆనిచ్చిండు.

కరెంటు పోయిందార?
లేదు కాకా, అది బొమ్మల.
ఆర్డర్ బంద్ వెట్టిండ్రా?
లేదు కాకా.

గోడ సన్నగ అదురుతనే ఉన్నది,
పక్క షెడ్డుల రాత్రి పాళీ నడుస్తనే ఉన్నది.
అయినా చెయ్యి తియ్యలె,
చాయ చల్లారెదాక.

ఆయన పోయినంక
నల్ల ఫ్రేములు పన్నెండు చేసి చూసిన.
మల్ల ఇరవై నాలుగు చేసిన.
నరహరి ఫోన్: అయిందా? మడమ ఒక్కటేనా?
అయింది, పెట్టిన, అన్న.
గంట పడుతది ఈ పాత డబ్బాకు,
నడుమ కరెంటు పోతే మళ్ల మొదటికెళ్లి.
లైటు ఆర్పి
గోడకు చెయ్యి వెట్టి కూసున్న.
నడుస్తున్నయి.
నలభై రెండు శాతం.