నాలుగంగుళాల లోతు

ఏడాదిలో మూడొందల మోటార్లు అమ్మినందుకు
కంపెనీవాళ్లు విమానమెక్కించినారు,
పుంగనూరు నుంచి నన్నొక్కణ్ణే.

ఆ దీవి పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు.
వచ్చినప్పట్నుంచీ అంగడికొచ్చినోళ్లంతా
"ఏం జూసొస్తివి సామీ" అంటారు.
గడ్డి చూసొస్తి అంటే నవ్వుతారు.

గడ్డే.
సముద్రం అంచు దాకా దువ్విన గడ్డి,
మేకపిల్ల నోరు తగలని గడ్డి.
కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకు వాలి
ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుండె.
ఏడో గుంత దగ్గర నిలబడితే
నీళ్లు మూడు రంగులు:
పెసరపచ్చ, నెమలిమెడ,
ఆపైన నాకు పేరు తెలియని నీలం.
ఊపిరి మరిచిపోయిన మాట నిజం.
ఆ అందం అబద్ధమని నేననను.

కానీ బుద్ధి యాడికి పోతుంది.
పొద్దు వాలగానే గడ్డిలోంచి స్ప్రింక్లర్లు లేచి
చిక్ చిక్ చిక్ మని తిరుగుతా ఉంటే
నేను లెక్క పెట్టుకుంటా నిలబడినా:
ఇది ఎన్నంగుళాల నీళ్లు, ఎన్ని హెచ్‌పీ,
దీంతో చెంగల్రాయులు టమాటా తోట
ఇంకెన్ని కోతలకు నిలబడేది.

తెల్ల బంతిని గుంతలో వెయ్యాల, అంతే, అన్నాడు
ఆట నేర్పినాయన.
నేను ముందు గుంతలో చెయ్యి పెట్టి చూసినా.
అలవాటు.
నాలుగుంబావు అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు,
అడుగున పొడి.
నవ్వు ఆగలేదు.
మా దిక్కు గుంత ఆరున్నర అంగుళాలు,
వెయ్యిన్నూట యాభై అడుగులు,
ఆడా అడుగున పొడే.

నా సంచి మోసిన ఆడమనిషి
నవ్వెందుకని కళ్లతో అడిగింది.
చేతులు చాపి చెప్పినా: మా ఊర్లో ఇంత లోతు, ఇంకా, ఇంకా.
ఆమె కాసేపు చూసి
కొండ అవతలి పల్లె దిక్కు వేలు చూపించి,
బావి తోడినట్టు చేతులాడించి,
దోసిలి పట్టి తాగినట్టు తాగి,
మొహం చిట్లించి ఉమ్మింది.
ఉప్పు.
భాష అక్కర్లేకపోయింది.
ఇద్దరం తిరిగి సముద్రాన్ని చూసినాం.
అది బాగానే ఉంది.

పద్దెనిమిది గుంతల్లో ఒక్కదాంట్లోనూ వెయ్యలేదు నేను.
రెండు బంతులు సముద్రం పాలు, ఒకటి పొదల పాలు.
మదనపల్లి డీలరు వీడియో తీసి గ్రూపులో పెడితే
నలభైమంది నవ్వినారు.
జేబులో మిగిలిన బంతి నాతోనే వచ్చింది.
అమ్మవారు పోసి కోలుకున్న బుగ్గ మాదిరి
ఒంటినిండా చిన్న గుంతలతో
ఫ్యాను కింద బిల్లులు ఎగరకుండా కూర్చునేది.

ఒక మాట ఎవరితోనూ అనలేదు.
నీళ్లు ఎంత కిందికి పోతే
నా బేరం అంత పైకి.

చెంగల్రాయులు మోటారుకు అడ్వాన్సు ఇచ్చిన రోజు
"పిల్లోడు ఆడుకుంటాడు" అని ఆ బంతి అడిగినాడు.
ఇచ్చినా.
అదే వారం అతని నాలుగో బోరు.
రాత్రంతా రిగ్గు అరిచింది.
తెల్లారేసరికి మామిడాకుల మీద,
బర్రె మూపు మీద, మా రెప్పల మీద
అంతా ఒకే బూడిద.
రాడ్లు ఎత్తుకుంటా డ్రైవరు మా మొహాలు చూడలేదు.

అడ్వాన్సు వెనక్కిస్తానని నోటిదాకా వచ్చింది.
గెనిమ మీద గొంతు కూర్చున్న చెంగల్రాయులు
లేచి, జేబు తడుముకుని,
పిల్లోడికి ఇంకా ఇవ్వని బంతిని తీసి
కేసింగు మూతిలో వదిలినాడు.
గొట్టానికి తగులుకుంటా టక్కు, టక్కు,
సన్నబడి, ఇంకా సన్నబడి
చప్పుడు ఆగిపోయినా మేం చెవులు తియ్యలేదు.

"పడిందంటావా?"
"పడింది."

ఒక్క దెబ్బకే.

గోనెసంచి మడిచి మూతికి కట్టి
పైన బండ దొర్లించినాం, ఇద్దరం పట్టి.
పిల్లలు తిరిగే తావు అది.