నలభై ఒకటో ప్లాటు

ఆదివారం తెల్లారుజామున
కరకంబాడి రోడ్డు టీ కొట్టు కాడ కలుస్తాం,
ఏడుగురం, మూడు బైనాక్యులర్లు.
రైలుపెట్టెల షాపులో ముప్పై రెండేళ్ళు
ఇనుము మీద సుత్తి వేసిన చెవులు నావి.
షాహిదా టీచరు "అదిగో, తేనెపిట్ట" అంటే
ఆమె పెదాలు చూసి తలూపుతాను.
నాకు బాగా వినపడే పిట్ట ఒకటే.
తీతువు.

అది అరిస్తే మా అవ్వ
పొయ్యిలో గుప్పెడు ఉప్పు వేసేది.
"ఎవురింటికి, ఎవురింటికి" అని అడుగుతాదంట.
మా చిన్నాయన పోయిన రాత్రి కూడా అడిగిందంట.
ఆయన రెండు నెలలుగా రక్తం కక్కుతున్న సంగతి
పిట్ట మీది కోపంలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ నేల నాకు శనక్కాయల చేనప్పటి నుంచి తెలుసు.
ఇప్పుడు సున్నపు గీతలు, నంబరు రాళ్ళు.
కొండ కనపడే వరసలో
అంకణానికి ఇంకో రెండు వేలు ఎక్కువ.
ఆ వరసలోనే, నలభై ఒకటో ప్లాటులో,
కంకర మీద నాలుగు గుడ్లు,
మొనలు లోపలికి పెట్టి
నలుగురు తలలానించి గుసగుసలాడినట్టు.
గూడు లేదు. పుల్ల లేదు.
నిఖిత నా చెయ్యి పట్టి లాగేసరికి
నా చెప్పు వాటికి జానెడు దూరంలో ఉంది.

సోమవారం జేసీబీ వస్తుంది.

చుట్టూ రాళ్ళు పేరుద్దామన్నాడు కోదండపాణి.
ఎర్రగుడ్డ కడదామన్నాడు యుగంధర్.
టీచరు వద్దంది:
"మనం గుర్తు పెడితే
ముందు చదివేది కాకి."

సూపర్వైజరు నవ్వలేదు, భయపడ్డాడు.
"తీతువు పొదిగిన ప్లాటని తెలిస్తే
ఎవడు కొంటాడు సార్, ఈ పూటే తీసేయండి."
జేసీబీ చెంగల్రాయులు మాత్రం బండి దిగి
చానాసేపు వెతుక్కున్నాడు.
కనపడ్డాక అక్కడే గొంతుక్కూర్చున్నాడు.
"లైటు స్తంభానికీ ఆ వేపమోటుకూ నడాన.
నాకు గుర్తుంటాదిలే సామీ.
ఈ వరస ఆఖర్న చేస్తా.
డీజిల్ లేదని ఓ నాలుగు దినాలు,
హోసు పగిలిందని ఓ వారం,
మా అత్తకు బాగలేదని..."
వేళ్ళ మీద అబద్ధాలు లెక్కపెట్టుకున్నాడు
ఇరవై ఎనిమిది రోజులకు చాలతాయా అని.

మేం వంతులు వేసుకున్నాం.
పొద్దున టీచరు, సాయంత్రం నేను.
మిట్టమధ్యాన్నం, నలభై మూడు డిగ్రీల్లో, ఎవరమూ లేము.
ఆ వేళ సంగతి చెంగల్రాయులే చెప్పాడు:
నీళ్ళ ట్యాంకరు కారే చోట
పొట్ట ఈకలు తడుపుకుని
గబగబా నడిచొచ్చి గుడ్ల మీద కూర్చుంటాదంట.
నాకు జ్వరమొస్తే మా అవ్వ
తడిపిన కొంగు నుదుటి మీద వేసేది.
అది ఎవరితోనూ అనలేదు.

పద్నాలుగో రోజు ఒక గుడ్డు కుక్క తిన్నది.
ఆ సాయంత్రం వంతు నాది.
బ్యాంకులో పింఛను లైను కదల్లేదు, ఆలస్యమైంది.
ఎవరూ ఏమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది.

మే నెలాఖరున మూడు పిల్లలు.
కాళ్ళే ఎక్కువ, ఒళ్ళు తక్కువ.
పుట్టిన పూటే సున్నపు గీత దాటి
నలభై రెండులోకి నడిచాయి,
రిజిస్ట్రేషన్ లేకుండా.
నిఖిత నోటుపుస్తకంలో రాసింది:
తీతువు, పెద్దవి రెండు, పిల్లలు మూడు.
"పోయిన గుడ్డు ఒకటి" అని
నేనే అడిగి రాయించాను.

మరుసటి వారం ఆ వరస చదునైపోయింది.
చెంగల్రాయులకు నాలుగు రోజుల బాడుగ కోశారు.
చందా వేసి ఇవ్వబోతే తీసుకోలేదు.
"ఆ అద్దాలు ఓ తూరి ఇస్తారా" అన్నాడు.
తిరగేసి పట్టుకుని చూశాడు.
"అబ్బ, ఎంత దూరం పొయ్యిందో కొండ!"
మేం సరిచేసి ఇచ్చేదాకా
అదే బాగుందన్నాడు.

నిన్న రాత్రి మా మేడ మీదుగా పోయింది ఒకటి.
"ఎవురిది ఇది, ఎవురిది ఇది."
నా చెవులకు ఇప్పుడట్లా వినపడతాంది.
మా ఆవిడ వంటింట్లో
ఉప్పు డబ్బా మూత తీసి,
నా మొహం చూసి,
మళ్ళీ పెట్టేసింది.