య వత్తు

కిర్‌కూబ్రి. ఈ ఊరిని అలా పలకాలి.
రాతలో ఇంకా నాలుగైదు అక్షరాలున్నాయి గానీ
అవి డీ నది పోటుకి మునిగిన మెట్లలాంటివి,
ఉన్నాయని తెలుసు, ఎవరూ కాలు పెట్టరు.

ఇక్కడి రిజిస్ట్రారు ఆఫీసులో నా పని
పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ రాసుకోవడం.
చేరిన మొదటి నెల్లోనే ఐసొబెల్ గారు
కౌన్సిల్ పన్ను కాగితం తెచ్చి కౌంటరు మీద పెట్టింది.
"బల్జెరి గారూ, కూర్చోండి" అన్నాను.
"బల్యెరి" అంది. కూర్చోలేదు.

మధ్యలో ఉన్నది జెడ్ కాదట.
పూర్వం ఒక అక్షరముండేదట,
మూడంకెకి తోక వేలాడినట్టు. య అని పలికేదట.
అచ్చుపనివాళ్ల పెట్టెలో ఆ దిమ్మ లేక
దగ్గరి పోలిక చూసి జెడ్ దిగ్గొట్టారట.
వింటోంటే మా తాత సంతకం గుర్తొచ్చింది.
గుఱ్ఱం అని బండి ఱ పెట్టి రాసేవాడు.
నా బడి రిజిస్టర్లో మాస్టారు మామూలు ర చేశాడు.
బండి పోయింది, గుర్రం మిగిలింది.

ఇంటిపేరంటాం మనం. ఆమెకది నిజంగా ఇల్లే.
కొండవాలున నాలుగు కమతాల పల్లె,
ఆ పల్లె పేరే మనుషులకి అంటుకుంది.
దొర తన పశువులకని గోడ కట్టించుకున్నాక
పల్లె ఖాళీ అయింది, పేరుకి కాళ్లొచ్చాయి.
ఇప్పుడక్కడ గొర్రెల దొడ్డి.
ఆ రాళ్లు వంటింటివో కొట్టానివో
గొర్రెలకి పట్టింపు లేదు.

ఆమె నోట్‌బుక్కు ఎప్పుడూ ప్లాస్టిక్ సంచిలో.
వైట్‌హేవెన్ బొగ్గుగనిలో దిగినవాడు బల్గరీ అయ్యాడు,
ఆ రోజు గుమాస్తాకి జలుబు చేసుంటుందంటుంది.
పిక్టౌలో ఓడ దిగినవాడు బాలియరీ.
బాలరాట్‌కి బంగారం తవ్వబోయిన అన్నదమ్ములు
రవ్వయినా దొరక్క, రెండు స్పెల్లింగులతో
ఒకే శ్మశానంలో చెరో మూలా పడుకున్నారు.
సవన్నాలో ఒకడు ఏకంగా వాలెరీ,
ఆడపిల్ల పేరు మోసిన ఆరడుగుల కమ్మరి.
"కరువు కొందర్ని చెదరగొట్టింది,
మిగతా పని మీ గుమాస్తాలదే"
అని నా వైపు చూసింది.
నేను పెన్నుకి మూత పెట్టాను.

ఒక మంగళవారం, వాన, ఎవరూ రాని మధ్యాహ్నం,
"నీ భాషలో ఎలా రాస్తావు?" అంది.
పాత కవరు చింపి వెనక రాశాను: బల్యెరి.
మేం పలికిందే రాస్తాం అన్నాను.
అది పూర్తి నిజం కాదు, ఆ పూటకి చాల్లే.
కళ్లజోడు మార్చుకుంది.
ల పక్కన కిందికి వేలాడే వత్తు మీద వేలు పెట్టి
"ఏమిటీ తోక?"
"అదే య."
వాన శబ్దం చాలాసేపు విన్నాం.
కాగితం మడిచి కళ్లజోడు పెట్టెలో దాచుకుని
బస్సు టైమైందని లేచింది.
తలుపు దగ్గర ఆగి, నాతో కాదు, గొడుగుతో అన్నట్టు,
"నా తర్వాత తప్పు రాయడానికైనా ఎవరూ ఉండరిక్కడ."

ఫిబ్రవరిలో పోయింది. తొంభై ఒకటి.
పక్కింటి మెక్‌హ్యాఫీ వచ్చాడు,
స్కాలప్ పడవ దిగి అవే బూట్లతో, చలికి కందిన చేతులతో.
ఇంటిపేరు గడిలో జెడ్ కొట్టాను.
ఈ పెట్టెలోనూ ఆ దిమ్మ లేదు.
గట్టిగా చదివి సరిచూసుకోమన్నాను, అది రూలు.
జెడ్ మీద వేలుంచి
"బల్యెరి" అని చదివాడాయన, తడుముకోకుండా.

సంతకమయ్యాక జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశాడు.
మడత విప్పి, తలకిందులుగా పట్టుకుని,
"ఇదేమైనా పనికొస్తుందా మీకు? ఏదో బొమ్మలా ఉంది."
ఆమెతోనే పెట్టెయ్యమన్నాను.
కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.
"ఏ వైపు పైకి?"

"తోక కిందికి" అన్నాను.